కొమురమ్మ తెల్లనీళ్ళు

హుస్సేనీ ఆలం దాటి మూసీ వైపు దిగే ఆ గల్లీలో ముగ్గురు కొమురమ్మలున్నారు. గాజులమ్మే మనిషి గాజుల కొమురమ్మ. మొగుడు ఆటో నడుపుతాడు కాబట్టి ఇంకొకామె ఆటో కొమురమ్మ. మూడో ఆమె పందుల కొమురమ్మ. మొదటి ఇద్దరి ఇళ్ళు ఎక్కడని అడిగితే గల్లీవాళ్ళు చెయ్యెత్తి చూపిస్తారు. మూడో ఆమె ఇల్లు అడిగితే మాత్రం నవ్వుతారు.

"సీదా పో భాయ్, నీ ముక్కే చెప్తది."

గల్లీ చివర ఎత్తైన కట్ట ఉంది. కట్ట మీద పందుల కొమురమ్మ రేకుల దొడ్డి, దాన్ని ఆనుకుని ఒక గది. ఆ దొడ్డి ఆమె మామ కాలం నాటిది. మొగుడు మైసయ్య జ్వరంతో పోయినప్పుడు పందుల్ని అమ్మేసి ఇళ్ళలో పని చేసుకొమ్మని చుట్టాలు చెప్పారు. తనను ఏ ఇంట్లో గడప దాటి రానిస్తారో వాళ్ళే చూపించాలని ఆమె అడిగింది. చుట్టాలు దినాల అన్నం తిని వెళ్ళిపోయారు. అప్పటి నుంచి ట్రాలీ ఆటో మాట్లాడుకుని, అఫ్జల్‌గంజ్ టిఫిన్ సెంటర్ల దగ్గర మిగిలిన ఇడ్లీలూ అన్నమూ కూరగాయల తొక్కలూ డ్రమ్ముల్లో తెచ్చుకుని, పందుల్ని తనే సాకుతోంది. కూతురు స్వీటీ పత్తర్‌గట్టిలో బట్టల దుకాణంలో పనిచేస్తుంది. తల్లి కూరగాయల వ్యాపారం చేస్తుందని అక్కడ చెప్పుకుంది. కొమురమ్మ దానికి కోపం తెచ్చుకోలేదు. తొక్కలైనా అవీ కూరగాయలే కదా అని నవ్వింది.

రోజూ పొద్దున దొడ్డి కడిగితే నల్లటి నీళ్ళు వాలు వెంట దిగి, గల్లీ అంచున ఉన్న కాలువలో పారి, బాలరాజ్ బర్రెల కొట్టం ముందున్న మురుగు మోరీలో కలిసేవి. బాలరాజ్ కొట్టం కడిగిన నీళ్ళూ అదే మోరీలోకి పోతాయి. వాటి గురించి ఎవరూ నోరెత్తరు. పేడ కదా. కొమురమ్మ కాలువ వచ్చేసరికి ఆడవాళ్ళు చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకునేవారు, పిల్లలు ఎగిరి దూకేవారు, బాలరాజ్ తల్లి నీలమ్మ మాత్రం చుట్టూ తిరిగి వచ్చేది. రోజూ నాలుగు తిట్లు. అంతకు మించి ఏ గొడవా లేదు. ఆ నీళ్ళేమిటో అందరికీ తెలుసు. దూరంగా ఉండాల్సిన వాళ్ళు దూరంగా ఉండేవారు.

గొడవ కింది నుంచి వచ్చింది. మోరీ పోయి మూసీలో కలిసేచోట కొత్తగా అపార్ట్‌మెంట్లు లేచాయి. అక్కడివాళ్ళు ఫిర్యాదు చేశారు. ఒక ఆఫీసరు మోటార్‌సైకిల్ మీద వచ్చి, కట్ట ఎక్కకుండానే కింద నిలబడి కొమురమ్మను పిలిచాడు.

"ఏమ్మా, మళ్ళీసారి వస్తా. మోరీల నల్ల నీళ్ళు కనబడితే దొడ్డి లేపేస్తం. ఊరు బయటికి పోయి పెట్టుకో."

ఊరు బయట అంటే రింగు రోడ్డు అవతల. అక్కడ ఇడ్లీలు మిగిలే హోటళ్ళు లేవు. పందుల్ని కొనే మనుషులు లేరు. స్వీటీ పనికి పోవడానికి దారి లేదు. దొడ్డి పోతే బతుకు పోయినట్టేనని ఆమె ఎవరితోనూ అనలేదు. అడగాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు.

ఆ వారంలోనే అనురాగ్ వచ్చాడు. పత్తర్‌గట్టి వ్యాపారుల పిల్లవాడు, చదువుకుని ఏదో సంస్థలో చేరాడు. మూసీ ఒడ్డున మురుగు నీళ్ళు శుభ్రం చేసే పని వాళ్ళది. ముక్కుకు రుమాలు కట్టుకోకుండా కట్ట ఎక్కిన మొదటి పెద్దింటి మనిషి అతనే. అందుకని కొమురమ్మ అతను చెప్పినదంతా విన్నది.

"పెద్ద ఖర్చేం కాదు ఆంటీ. పాత డ్రమ్ములు, ఇటుక ముక్కలు, కంకర, బొగ్గు, ఇసుక. గంతే."

"గంతేనా సారు? గవి మోసుడెవరు?"

అతను నవ్వాడు. మోసింది కొమురమ్మే. చౌక అని అతను చెప్పిన లెక్కలో ఆమె నడుము లేదు.

ముందు ఒక గుంత తవ్వారు, అందులో మడ్డి అడుక్కి దిగుతుంది. పైన తేలిన నీళ్ళు కొబ్బరి పీచు నింపిన బుట్టలోంచి మొదటి డ్రమ్ములో పడతాయి. అందులో ఇటుక ముక్కలు, కంకర. రెండో దాంట్లో బొగ్గు. ఇస్త్రీ బండ్ల దగ్గర మిగిలిన చిన్న బొగ్గు ఆమే ఏరుకొచ్చి, ఏడుసార్లు కడిగింది. మూడో దాంట్లో దొడ్డు ఇసుక. ఆ తర్వాత కంకర పోసిన తొట్టిలో మెట్టతామర మొక్కలు. ఆ తొట్టికి ఒక నల్లా బిగించారు. నల్లా కింద చిన్న రాతి కుండీ, కుండీ నుంచి ఒక పైపు. నీళ్ళు దారిలో మళ్ళీ మురికి కాకూడదని అనురాగ్ ఆ పైపును వాలు వెంట మట్టిలో పూడ్పించి, బాలరాజ్ కొట్టం గోడ పక్క మోరీ మీదికి తేల్చాడు. పాత కాలువ ఎండిపోయింది.

మొదట్లో నీళ్ళు పల్చటి చాయ్ రంగులో వచ్చాయి. ఇసుక పైన పేరుకున్న జిగురు పొరను కొమురమ్మ రోజు విడిచి రోజు గీకి పారేసింది. ఇటుక ముక్కలు తీసి కడిగి మళ్ళీ పేర్చింది. కొన్ని వారాలకు ఒక పొద్దున నల్లా తిప్పితే చిటికెన వేలంత ధార తెల్లగా వచ్చింది. దోసిట్లో పట్టి చూసుకుంది. చేతిగీతలు కనిపించాయి. వాసన చూసింది, తడి మట్టి వాసన.

"తాగొచ్చా సారు?"

"అయ్యో, వద్దాంటీ! క్రిములు అట్లనే ఉంటయి. చెట్లకు పొయ్యండి, దొడ్డి కడగండి."

ఆ నీళ్ళతో ఆమె కనకాంబరాలు పెంచింది. స్వీటీ అవి తలలో పెట్టుకుని దుకాణానికి పోయింది. ఆఫీసరు మళ్ళీ వచ్చి, ఈసారి కట్ట ఎక్కి, నల్లా దగ్గర సీసాలో నీళ్ళు పట్టి ఎండకు ఎత్తి చూశాడు. నెలనెలా వస్తానని, ఇట్లాగే ఉంటే దొడ్డి జోలికి రానని చెప్పాడు. పెళ్ళయి ఆ కట్ట ఎక్కాక కొమురమ్మ తన బతుకు గురించి గర్వపడ్డ రోజులు అవే. అవి ఎండాకాలం దాకానే ఉన్నాయి.

ఆ ఎండాకాలం గల్లీకి నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు, అదీ సరిగ్గా రాలేదు. బోర్లు ఎండాయి. అటువంటప్పుడు పాతబస్తీలో గోడ పక్క తెల్లటి ధార కారుతూ కనిపిస్తే ఎవరూ ప్రశ్న వేయరు. ఎక్కడో పైపు పగిలిందని లోలోపల సంతోషిస్తారు. పైకి మాత్రం నోరు మెదపరు. అడిగితే నల్లాల డిపార్ట్‌మెంటువాళ్ళకు తెలుస్తుంది, తెలిస్తే వచ్చి బాగుచేసి పోతారు. అందుకని నీలమ్మ మొదట చూసినా కొడుక్కి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆటో కొమురమ్మ చూసి గాజుల కొమురమ్మకు చెవిలో చెప్పింది. కొద్ది రోజుల్లో అందరూ బిందెలు పెట్టారు, ఎవరికీ ఏమీ తెలియనట్టే. కట్ట మీద డ్రమ్ములున్న సంగతి వాళ్ళలో ఎవరికీ పట్టలేదు. కట్ట మీదికి ఎవరూ ఎక్కరు కదా. వాలు వెంట పైపు పూడ్చడం చూసినవాళ్ళు అది నల్లాలవాళ్ళ పని అనుకున్నారు. ఎండిన కాలువ చూసి, పందుల మురికి అటు మూసీలోకి తోలుతోంది కాబోలు అనుకున్నారు.

పొద్దునపూట కొమురమ్మకు దొడ్డి దగ్గరే పని. ఆ రోజు ట్రాలీ ఆటో రాక, ఆమె దాన్ని వెతుక్కుంటూ కిందికి దిగింది. బాలరాజ్ కొట్టం గోడ పక్క బిందెల వరుస చూసింది. వరుస ముందు నీలమ్మ కూర్చుని ఆ ధార కింద పాల క్యాన్లు తోముతోంది.

చూడనట్టు వెనక్కి తిరిగి పోవచ్చు. ఒక్క క్షణం కొమురమ్మ మెడ కట్ట వైపు తిరిగింది కూడా. అంతలో ఆటో కొమురమ్మ దోసిలి పట్టి నోట్లో పోసుకోబోయింది.

"ముట్టకుండ్రి! ముట్టకుండ్రి గవి!" కొమురమ్మ పరిగెత్తింది. "గవి నా పందుల నీళ్ళు!"

నీలమ్మ చేతిలోంచి క్యాను జారి మోరీలో పడింది.

"ఏమన్నవే?"

"దొడ్డి కడిగిన నీళ్ళు అవ్వా. బొగ్గుల పోసి, ఇసుకల పోసి వడగడుతున్న. తాగేటివి కావు."

ఆ తర్వాత ఎవరు ఏమన్నారో విడదీసి చెప్పడం కష్టం. బిందెలు బోర్లించారు, కొందరు విసిరేశారు. గాజుల కొమురమ్మ గోడ పట్టుకుని వాంతి చేసుకుంది.

"నా బిడ్డ తలకు పోసుకున్నది గదనే గా నీళ్ళు!" అని ఆటో కొమురమ్మ నెత్తి కొట్టుకుంది.

"నాకు తెల్వదక్కా. తెల్వంగనే ఉరికొచ్చిన. చెప్పకపోతే ఇయ్యాల తాగుదువు గాదా?"

"చెప్పి పెద్ద పుణ్యం కట్టుకున్నవు తియ్!"

బాలరాజ్ బయటికొచ్చాడు. మంచివాడని గల్లీలో పేరు. అతను అరవలేదు. కొమురమ్మను కొట్టం లోపలికి కూడా పిలవలేదు, గడప ఇవతలే నిలబెట్టి గొంతు తగ్గించి మాట్లాడాడు.

"నా పాలు ఎక్కడెక్కడికి పోతయో నీకు తెల్వదా? గుడికి పోతయి. హుస్సేనీ ఆలంల ఇల్లిల్లుకు పోతయి. గీ ముచ్చట గల్లీ దాటితే ఏమైతది?"

"నేనెందుకు చెప్తనన్నా?"

"చెప్పవు. ఎవ్వరం చెప్పం. కానీ ఒక్క మాట. ఇన్నేండ్లు నీ నీళ్ళు నల్లగ పోయినయ్. ఎవలన్న ముట్టినమా? చిన్న పోరగాడు గూడ ముట్టలే. నువ్వు తెల్లగ చేసినంకనే గదా మోసం జరిగింది?"

"ఆఫీసరు తెల్లగ చెయ్యమన్నడన్నా."

"ఆఫీసరు గీ గల్లీల ఉంటడా? మేముంటం. రేపటి నుంచి నీ నీళ్ళు నల్లగనే రావాలె. లేకుంటే నేనే పోయి దొడ్డి లేపుమని దర్ఖాస్తు పెడత. గల్లీ అంత నా ఎనుక వస్తది."

కొమురమ్మ అనురాగ్‌కు ఫోన్ చేసింది. పైపు దగ్గర బోర్డు పెడదామన్నాడు అతను. ఆ బోర్డు చదివేవాళ్ళు గల్లీవాళ్ళే కాదని, పాలు కొనేవాళ్ళూ ఆ దారినే వస్తారని ఆమె చెప్పింది. అయితే పైపును మోరీ అడుక్కి దించుదామన్నాడు. దానికి రోడ్డు తవ్వాలి, తవ్వడానికి అనుమతి కావాలి, అది తన సంస్థ చేతిలో లేదు. చివరికి ఇలా అన్నాడు:

"ఫిల్టర్ మాత్రం ఆపకండి ఆంటీ. వచ్చే నెల బయటి నుంచి మనుషులు చూడనీకి వస్తున్నరు. మీ మోడల్ మస్తు నచ్చింది వాళ్ళకి."

ఆ రోజు స్వీటీ దుకాణం నుంచి వచ్చేసరికి గల్లీ అంతా గుమ్మాల్లోనే ఉంది. ఆమె ఎవరి మొహమూ చూడకుండా కట్ట ఎక్కి, తలలోంచి కనకాంబరాలు తీసి పందుల తొట్టిలో వేసింది.

"నల్ల నీళ్ళకు నల్ల నీళ్ళని చెప్పుకుంటమమ్మా. గీటికేమని చెప్పుకోవాలె?"

కొమురమ్మ డ్రమ్ముల ముందు కూర్చుంది. తెల్లగా పోకపోతే ఆఫీసరు దొడ్డి లేపేస్తాడు. నల్లగా పోకపోతే గల్లీ లేపేస్తుంది. ఆఫీసరు నీళ్ళు చూసేది పైన, నల్లా దగ్గర. గల్లీ చూసేది కింద, పైపు మూతి దగ్గర. రెండింటికీ నడుమ ఉన్నది రాతి కుండీ. కుండీ తనది.

మరునాటి నుంచి ఆమెకు పని పెరిగింది. పొద్దున్నే ఇసుక గీకుతుంది, బొగ్గు కడుగుతుంది, పీచు మారుస్తుంది. తొట్టి నల్లా తిప్పితే నీళ్ళు తెల్లగా, మునుపటిలాగే కుండీలో పడతాయి. అప్పుడు గుంత అడుగు నుంచి మడ్డి ఒక తట్టెడు తోడి కుండీలో పోసి కర్రతో కలుపుతుంది. నల్లబడ్డాక పైపులోకి వదులుతుంది.

ఆ నెల ఆఫీసరు వచ్చినప్పుడు కింద మోరీ వైపు చూడనైనా లేదు. మోరీలో బాలరాజ్ కొట్టం పేడ ఎప్పుడూ ఉండేదే. నల్లా కింద సీసా పట్టి ఎండకు ఎత్తాడు.

"శభాష్ అమ్మా. గిట్లనే మెయింటేన్ చెయ్."

"చేస్త సారు."

మోటార్‌సైకిల్ చప్పుడు గల్లీ మలుపు తిరిగే దాకా ఆగి, ఆమె తట్ట అందుకుంది. నడుం పట్టేసింది. ఒంగలేక సగం తట్టే పోసి, కర్రతో రెండుసార్లు తిప్పి వదిలేసింది.

కాసేపటికి కింది నుంచి నీలమ్మ గొంతు వినిపించింది.

"ఏమే కొమురీ! ఇయ్యాల పల్చగ వస్తున్నయేందే?"

"వస్తున్నవ్వా, పోస్తున్న" అని, కొమురమ్మ ఇంకో తట్ట తోడింది.