ముచనేత కుడి భుజం

ఏదైనా ఎత్తబోయే ముందు ముచనేత ఎడమ బొటనవేలితో కుడి మెడ ఎముక కింద ఒకసారి నొక్కుకుంటాడు. నీళ్ళ బకెట్టయినా అంతే, టీ కప్పయినా అంతే. నొక్కి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు ఎత్తుతాడు. అక్కడి చర్మం అరికాలి చర్మంలా మొద్దుబారింది.

మా లోయలో మొక్కజొన్న కంకి పాలు పట్టగానే ఏనుగులు నది దాటి వస్తాయి. డప్పులకీ మిరపకాయ పొగకీ బెదరనిది ఏదైనా మిగిలితే దాన్ని కాల్చడానికి కౌన్సిల్ వాళ్ళు ముచనేతకు పెద్ద తుపాకీ ఇచ్చారు. ముప్పై ఒక్కేళ్ళ కిందటి మాట. తూటా వేలెడంత ఉంటుంది. ఏనుగు ఎముకను దాటి లోపలికి పోవాలంటే అంత తూటా కావాలి. అది ముందుకు ఎంత జోరుగా పోతుందో తుపాకీ వెనక్కి అంత గట్టిగా తంతుంది.

అప్పటి పెద్ద వేటగాడు నేర్పిందంతా అతను పాటించాడు. పడుకుని కాల్చకు, ఒళ్ళు కదలదు, దెబ్బంతా ఎముకే తింటుంది. నిలబడు. ఎడమ కాలు ముందుకు వెయ్యి. ఎదురుగాలిలో నడిచేవాడిలా కొంచెం వంగు. తన్నినప్పుడు ఎదిరించకు, దానితో వెనక్కి వెళ్ళి మళ్ళీ రా. ఇవన్నీ చేశాడు. చొక్కా లోపల మడిచిన పిండిసంచి కూడా పెట్టుకున్నాడు. అయినా భుజం అరిగింది. వేళ్ళ చివరలు తిమ్మిరెక్కేవి. కుడివైపు ఒత్తిగిలి పడుకోవడం ఎప్పుడో మానేశాడు. బరువులు ఎత్తొద్దని ఆసుపత్రిలో నర్సు చెప్పింది. ఇది బరువు వల్ల కాదని అతను ఆమెతో అనలేదు.

ఏనుగు అతని వంశచిహ్నం. ఆ వంశం వాళ్ళను మర్యాదగా సమన్యాంగా అని పిలుస్తారు. వాళ్ళు ఆ మాంసం ముట్టరు. అతను కాల్చిన రోజున ఊరంతా కత్తులూ బేసిన్లూ పట్టుకుని అటు పోతుంటే, అతను ఇటు ఇంటికొచ్చి ఎండుచేపలతో సద్జా, అంటే మొక్కజొన్న పిండి ముద్ద, తినేవాడు.

ఆ ఏప్రిల్లో ఒక పెద్ద మగ ఏనుగును ముప్పై అడుగుల దూరం నుంచి కాల్చాడు. తూటా తలకు తగలలేదు. ముందుకాలి పైన తగిలింది. ఏనుగు కుంటుకుంటూ పొదల్లోకి పోయింది. తుపాకీ గురి ఉన్నచోటు నుంచి జరిగిందన్నాడు ముచనేత. నాలుగో రోజు అదే ఏనుగు నీళ్ళకెళ్ళిన ఒకామెను తరిమింది. బకెట్టు వదిలేసి పరుగెత్తింది గనక బతికింది. రేపు పొద్దున్నే దాన్ని ముగించమని కౌన్సిల్ నుంచి కబురొచ్చింది.

"గాయం చేసింది నేను. ముగించేదీ నేనే," అన్నాడు ముచనేత.

వెళ్ళేది ముగ్గురు. ముందు జాడ తీసేవాడు గ్వాటిద్జో, వెనక పెద్ద తుపాకీతో ముచనేత, ఆ వెనక చిన్న తుపాకీతో లవ్‌నెస్. లవ్‌నెస్‌కు ముప్పై ఏళ్ళుంటాయి. నిరుడు పెద్ద తుపాకీ పరీక్ష కూడా నెగ్గింది.

గ్వాటిద్జో ముచనేతకు సహ్విరా. రెండు కుటుంబాలకూ తాతల నాటి స్నేహం అది. సహ్విరా ఏమన్నా పడాలి. చావింట్లో శవాన్ని వెక్కిరించి ఏడ్చేవాళ్ళను నవ్వించేది అతనే. తక్కినవాళ్ళు నోటితో అనలేని మాట అనాల్సిందీ అతనే. కోపం తెచ్చుకుంటే తప్పు అవతలివాడిది.

"గురి జరిగిందన్నావుగా. పద, ఎంత జరిగిందో చూద్దాం," అన్నాడు గ్వాటిద్జో ఆ సాయంత్రం.

వేటగాళ్ళ శిబిరం వెనక చెదపుట్ట మీద బూడిదతో గుండ్రంగా గుర్తు పెట్టాడు. తూటా నింపి ఇచ్చాడు. ముచనేత కాల్చాడు. గుర్తుకు మూరెడు కింద మట్టి లేచింది.

"చూశావా?" అన్నాడు ముచనేత.

"చూశా. ఇటివ్వు, నేను నింపుతా. నీ వేళ్ళకి తిమ్మిరి కదా."

అటు తిరిగి బోల్టు ఆడించి, తుపాకీ ఇచ్చాడు. ఎవరి చేతి నుంచి తీసుకున్నా తుపాకీ తెరిచి చూసుకోవాలి. అది మొదటి పాఠం. ఇచ్చింది సహ్విరా గనక ముచనేత చూసుకోలేదు. ఎత్తి, గురి చూసి, మీట నొక్కాడు.

టక్కుమంది. అంతే. పేలలేదు. కానీ గొట్టం చివర జానెడు కిందికి దిగింది. భుజం వెనక్కి గుంజుకుంది. కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాయి.

"ఏం సమన్యాంగా, ఖాళీ తుపాకీ కూడా తన్నిందా?"

లవ్‌నెస్ తన బూట్ల వైపు చూసుకుంది.

"నువ్వు తూటా పెట్టలేదు."

"పెట్టలేదు. పెట్టుంటే మళ్ళీ తుపాకీనే తిట్టేవాడివి."

ముచనేత బోల్టు తెరిచి ఖాళీ చూశాడు. మూశాడు. మళ్ళీ ఎత్తి మీట నొక్కాడు. గొట్టం మళ్ళీ దిగింది.

"ఖాళీ అని తెలిసి కూడానా?"

"నాకు తెలుసు. భుజానికి తెలీదు."

గ్వాటిద్జో నవ్వాడు. "అలసిపోతావురా అని మీ అమ్మ నీ పేరులోనే చెప్పింది. ముప్పై ఒక్కేళ్ళు వినలేదు నువ్వు. రేపు అది మీదికొస్తే కళ్ళు మూసుకుని నేలని కాలుస్తావు. ముందుండేది నేను. మొదట నన్ను తొక్కుతుంది. నా శవం మీద జోకులెవడేస్తాడు? నువ్వా? నీకు జోకులు కూడా రావు."

ముచనేత తుపాకీని మోకాళ్ళ మీద పెట్టుకుని నేల మీద కూర్చున్నాడు.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"రెండేళ్ళు. నీకు?"

"మూడు."

ముచనేత లవ్‌నెస్ వైపు చూశాడు.

"నువ్వూ చూశావు కదా. ఒక్క మాట అనలేదేం?"

"నేనెట్లా అంటాను సెకూరు? మీ సహ్విరాని కాదుగా," అంది ఆమె.

తన తాతనో మేనమామనో పిలిచినట్టే పిలిచింది. అతను తల ఊపాడు.

తెల్లారాక ముచనేత మొహం కడుక్కుని, తుపాకీని రెండు చేతులతో లవ్‌నెస్‌కు ఇచ్చాడు. ఆమె తెరిచి చూసుకుంది.

"భుజానికి బిగించి ఆనించు. వదులుగా పట్టావో, రెండు దెబ్బలు తింటావు."

"భయమేస్తే, సెకూరు?"

"వేస్తుంది. ఏనుగునే చూడు. తన్నే సంగతి తన్నాక చూసుకోవచ్చు."

చిన్న తుపాకీ గ్వాటిద్జో తగిలించుకున్నాడు. ముచనేత నీళ్ళ డబ్బా పట్టుకుని అందరికన్నా వెనక నడిచాడు. మంచు ఆరక ముందే గడ్డి మీద జాడ దొరికింది. ఎండ ఎక్కేసరికి ఏనుగు మొపానే చెట్ల నీడలో, గాయమైన కాలు మోపకుండా నిలబడి కనిపించింది. లవ్‌నెస్ ఎడమ కాలు ముందుకు వేసింది.

ముచనేత డబ్బా కింద పెట్టి, రెండు చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నాడు. ఇన్నేళ్ళలో పెద్ద తుపాకీ పేలేటప్పుడు ఎప్పుడూ అతని చేతులు ఖాళీగా లేవు. ఏనుగు పడిపోయిన సంగతి అరికాళ్ళ కింద నేల అదిరితే తెలిసింది. అప్పుడు వేళ్ళు తీసి, టోపీ తీసి, చెట్ల వైపు వీపు పెట్టి ఇంటి దారి పట్టాడు.