అత్తయ్య ఫోన్‌లో మా వేళ్ళు

మా అత్తయ్య ఫోన్‌లో ఐదు వేలిముద్రలకి చోటుంది. నాన్నవి రెండు, అమ్మది ఒకటి, నావి రెండు. ఫోన్ అత్తయ్యది, అందులో అత్తయ్య వేలు మాత్రం ఒక్కటీ లేదు. ఏడాదిన్నరపాటు ఇది మా ఇంట్లో ఎవ్వరికీ వింతగా అనిపించలేదు చూడండి, అదీ మా తెలివి.

అత్తయ్య అంటే నాన్నకి అక్క. నలభై నాలుగేళ్ళు. ఏడో ఏట జ్వరం వచ్చి చూపు పోయింది. మావి రెండే గదులు. ముందు గదిలో అమ్మా నాన్నా, వెనక గదిలో అత్తయ్యా నేనూ. నాకు జడలు వేసింది ఆమే, ఎక్కాలు వల్లె వేయించింది ఆమే. అబద్ధం చెబితే నా ఊపిరిని బట్టి పట్టేసేది. "ముక్కుతో పీల్చావు, అబద్ధం" అనేది. ఇంటి గుట్టంతా ఆమె చెవుల్లోనే ఉండేది కానీ ఒక్కటీ బయటికి పొక్కేది కాదు.

అత్తయ్య పని సుద్దముక్కల కార్ఖానాలో. చూపు లేనివాళ్ళ కోసమే పెట్టిన పొడుగాటి రేకుల షెడ్డు అది. సుద్ద పిండిలో నీళ్ళు కలిపి, నూనె రాసిన అచ్చుల్లో పోసి, పైన మిగిలింది రేకుతో గీకెయ్యాలి. గట్టిపడేటప్పుడు పిండి వేడెక్కుతుంది. అచ్చు మీద చెయ్యి పెట్టి ఆ వేడి చూసుకుని, అది సరిగ్గా దిగేవేళకి విప్పాలి. తొందరపడితే ముక్కలు విరుగుతాయి, ఆలస్యమైతే అచ్చుని వదలవు. ఈ పనిలో ఆమెని మించినవాళ్ళు లేరని 'సుద్దక్క' అని పేరు పెట్టారు. ఇరవై రెండేళ్ళలో ఆ పిండి ఆమె చేతుల్లోని తడంతా పీల్చేసింది. వేలి కొసలు అరిగి, పగిలి, గీతలన్నవే లేకుండా పోయాయి.

అలాంటి వేళ్ళని ఫోన్ ఒప్పుకోలేదు. నాన్న కొనుక్కొచ్చిన రోజు అందరం చుట్టూ కూర్చుని ఆమె పది వేళ్ళూ ఒకటి తర్వాత ఒకటి గాజు మీద పెట్టించాం. అసలు వేలు పెట్టాల్సిన చోటే ఆమెకి దొరకలేదు. పాత ఫోన్‌కి వెనకాల గుంటలాంటి బొత్తాం ఉండేది, దీనికి అంతా నున్నటి గాజే. దొరికాక కూడా "మళ్ళీ ప్రయత్నించండి" అనే అంది ఫోన్. ముఖంతో తెరుద్దామని చూశాం. ముఖాన్ని గుండ్రంలో పెట్టమంటుంది.

"ఆ గుండ్రం ఎక్కడుందో నాకెలా తెలుస్తుందే?" అంది అత్తయ్య, ఫోన్‌ని నెత్తి మీదకి ఎత్తి పట్టుకుని.

"అక్కా, అది ఫ్యాన్‌ని చూస్తోంది" అన్నాడు నాన్న. పడీ పడీ నవ్వాం. అందరికంటే ఎక్కువ అత్తయ్యే నవ్వింది.

మిగిలింది నంబరు. వేలు ఏ అంకె మీదకి వెళితే ఆ అంకెని ఫోన్ పైకి చదువుతుంది. బస్సులో ఒకసారి తెరుస్తుంటే "నాలుగు, ఏడు, ఒకటి" అని అది అరుస్తోంది, వెనక సీటాయన "ఆ తర్వాతేంటమ్మా?" అన్నాడట. ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని వినొచ్చు కదా అన్నాను నేను. "చెవులు మూసుకుంటే స్టాపు ఎలా తెలుస్తుందే, నీ మొహం" అంది. అప్పుడే నాన్న తీర్పు చెప్పేశాడు.

"ఎందుకక్కా నీకీ తంటాలు? మేం లేమూ?"

మా వేళ్ళు ఎక్కించేశాం. తెర మీద ఉన్నదాన్ని పైకి చదివే ఏర్పాటు ఒకటుంటుంది కదా, అది ఉంటే మాకు ప్రతిదీ రెండుసార్లు నొక్కాల్సి వస్తోందని దాన్నీ ఆపేశాం. ఆపింది నేనే. ఇక ఆ ఫోన్ అత్తయ్య చేతిలో ఉన్నా ఒకటే, బల్ల మీద ఉన్నా ఒకటే. మోగితే ఎత్తగలదు, అంతే.

ఇక డబ్బాలాయన సంగతి. ఆ కార్ఖానాలోనే అట్టపెట్టెలు మడిచి, సుద్దముక్కలు లెక్కపెట్టి సర్దేవాడు. ఆయనకీ చూపు లేదు. డబ్బాల విభాగం ఎత్తేశాక వేరే ఊరి కార్ఖానాకి పంపేశారు. అప్పటినుంచీ ఆయన గొంతు ఫోన్‌లో వచ్చేది. రెండు రోజులకో మూడు రోజులకో ఒక మెసేజ్, నిమిషం మించి ఉండదు. ఇక్కడ వాన పడుతోంది అనో, కొత్త జిగురు వాసన బాలేదు అనో, దగ్గు పట్టుకుంది అనో. పనికొచ్చే ముక్క ఒక్కటీ ఉండేది కాదు. అత్తయ్య మాత్రం చీర మార్చుకుని మరీ వినేది.

తెరిచేది నేను. మొదట్లో మెసేజ్ పెట్టి, ఆమె చేతికిచ్చి, గదిలోంచి బయటికి వెళ్ళేదాన్ని. తర్వాత తర్వాత గుమ్మం దగ్గర ఆగేదాన్ని. ఆ తర్వాత మంచం మీద కూర్చునే వినేదాన్ని. ఆమె వెళ్ళమనలేదు, నేను వెళ్ళలేదు. ఫోన్ తెరిచిపెట్టేవాళ్ళని పొమ్మనడం అంత తేలిక కాదని నాకు ఇప్పుడు తెలుస్తోంది.

పోయిన ఏడు, నా డిగ్రీ రెండో ఏడు పరీక్షల ముందు, ఒక ఆదివారం పొద్దున్న అత్తయ్య స్నానానికి వెళ్ళింది. ఫోన్ టింగుమంది. నా వేలు పెట్టాను, తెరుచుకుంది. విన్నాను.

"ఇక్కడ కార్ఖానా వెనక మూడు గదులున్నాయి. ఆలుమగలకే ఇస్తారట. ఒకటి ఖాళీ అయింది. పదో తారీఖులోపు పేర్లు చెప్పమన్నారు. నా పేరు పక్కన నీ పేరు చెప్పనా? ఇంతకాలం అడగడానికి నోరు రాలేదు. నీకు ఇష్టమైతే నీ నోటితో ఒక్క మాట చెప్పు. ఇష్టం లేకపోతే ఏమీ చెప్పక్కర్లేదు, ఎప్పటిలాగే మాట్లాడు. నేను అర్థం చేసుకుంటాను. రెండోసారి అడిగి ఇబ్బంది పెట్టను."

నాకు భయమేసింది. ఎందుకో దాచకుండా చెబుతాను. పక్క మంచం ఖాళీగా కనిపించింది నాకు. రేపు నేను పరీక్షలకి చదువుతుంటే అర్ధరాత్రి దాకా మేలుకుని ప్రశ్నలడిగేదెవరు, అమ్మ కేకలేస్తే అడ్డం పడేదెవరు అనిపించింది. దానికి తోడు ఇంకో పాపిష్టి ఆలోచన కూడా వచ్చింది: ఈ వయసులో ఇదేమిటి, జనం నవ్వరూ అని. ఆ ఆలోచన నాదే, ఎవరో నా చెవిలో ఊదింది కాదు.

అత్తయ్య తల తుడుచుకుంటూ వచ్చింది. "ఏదో మోగినట్టుంది?"

"ఫోన్ కంపెనీ వాళ్ళదిలే అత్తయ్యా. ఇంకేం లేవు" అన్నాను. పుస్తకంలో తల పెట్టి, ఊపిరి బిగబట్టి మరీ అన్నాను.

ఆమె పట్టుకోలేదు. పట్టుకోవాలనుకోలేదేమో కూడా. నేనంటే ఆమెకి అంత నమ్మకం.

రేపు చెబుదాంలే అనుకున్నాను. రేపు పరీక్ష. ఎల్లుండి ఇంకో పరీక్ష. ఎనిమిదో తారీఖున అత్తయ్యే అడిగింది, "ఆయన దగ్గర్నుంచి వారమైంది, ఏమీ రాలేదుటే?" అని. లేదన్నాను. "ఒంట్లో బాలేదేమో. ఒకటి పంపుదాం, పెట్టు" అంది. నేను ఫోన్ తెరిచి ఆమె నోటి దగ్గర పట్టుకున్నాను. ఆమె గొంతు సవరించుకుని చెప్పింది:

"దగ్గు తగ్గిందా? ఇక్కడ ఎండలు ముదిరాయి. ముక్కలు తొందరగా ఆరుతున్నాయి. సరే, ఉంటాను."

ఆ మెసేజ్ పంపింది నా వేలే. అది అక్కడ ఎలా వినబడుతుందో నాకు తెలుసు. ఎప్పటిలాగే మాట్లాడు అన్నాడు, ఎప్పటిలాగే మాట్లాడింది. సాయంత్రానికి జవాబొచ్చింది. "తగ్గింది" అని ఒకే మాట. అత్తయ్య ఆ ఒక్క మాటనీ మూడుసార్లు పెట్టించుకుంది. "గొంతు నీరసంగా ఉంది, కదూ?" అంది.

ఆ తర్వాత ఆయన దగ్గర్నుంచి ఏమీ రాలేదు. పదో తారీఖు దాటింది, నెల దాటింది. అత్తయ్య పొద్దునా సాయంత్రం అడిగేది, తర్వాత సాయంత్రం మాత్రమే అడిగేది, ఆ తర్వాత అడగడం మానేసింది. కార్ఖానాలో ఒకరోజు అచ్చు విప్పడం మరిచిపోయిందట, ముక్కలన్నీ అతుక్కుపోయాయట. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి అని ఆమే వచ్చి నవ్వుతూ చెప్పింది. ఆ నవ్వు చూడలేక నేను పెరట్లోకి పోయాను.

నోరు విప్పి చెప్పే ధైర్యం నాకు లేదు. అందుకని దొడ్డిదారి వెతికాను. ఫోన్ పట్టుకుని బస్టాండు పక్కనుండే ఫోన్ల మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసుకుని కబుర్లు చెప్పే మనిషి. ఆయనకి నోరూ చెయ్యీ రెండూ ఆగవు.

"వేలి కొసలే కావాలని ఎవరు చెప్పారమ్మా మీకు? చర్మం మీద గీతలుంటే చాలు, దానికి. ఆవిడ చెయ్యి ఎక్కడ అరగలేదో అది చూడండి" అన్నాడు.

మర్నాడు అత్తయ్యని వెంటబెట్టుకుని వెళ్ళాను. చేతులు తిరగేసి తిరగేసి చూశాడు. చిటికెన వేలి నడిమి కణుపు దొరికింది. అచ్చు పట్టుకునేటప్పుడు చిటికెన వేలు మడిచి ఉంటుంది కాబట్టి పిండి దాని లోపలికి పోలేదు. మా ఐదు వేళ్ళనీ తీసేసి, ఆ కణుపు ఎక్కించాడు. గాజు మీద వేలు పెట్టే చోటుకి పక్కగా జిగురుతో గసగసాలంత చుక్క పెట్టాడు, తడిమితే తగిలేలా. తెరుచుకోగానే ఫోన్ చిన్నగా వణికేలా పెట్టాడు. పైకి చదివే ఏర్పాటు మళ్ళీ మొదలుపెట్టాడు. అరగంట పని. ఏడాదిన్నరలో మాకు తట్టని అరగంట.

అత్తయ్య చుక్క తడిమింది, కణుపు ఆనించింది, ఫోన్ వణికింది. "అయ్యబాబోయ్" అంది. మూసింది, మళ్ళీ తెరిచింది. బస్సులో స్టాపు వచ్చేదాకా తెరుస్తూనే ఉంది. ఆ ముఖంలో అంత సంతోషం చూసి నాకు ఏడుపొచ్చింది. ఆ మెసేజ్ నేను చెరిపెయ్యలేదు. ధైర్యంతో కాదు, ఆమే కనుక్కుంటే నేను చెప్పే బాధ తప్పుతుందని.

ఆ సాయంత్రమే వెనక గది గుమ్మంలో కూర్చుని ఆయన మెసేజ్‌లన్నీ మొదటినుంచి పెట్టుకుంది. ఒక్కోదానికి ముందు ఫోన్ తారీఖు చదువుతోంది. వాన, జిగురు, దగ్గు. నేను మంచం మీద పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. లేచిపోవచ్చు. లేవలేదు. "కార్ఖానా వెనక మూడు గదులున్నాయి" అనే మాట దగ్గర అత్తయ్య చెయ్యి ఆగింది. చివరిదాకా విన్నది. తారీఖు మళ్ళీ చదివించుకుంది. తర్వాత తను పంపిన ఎండల మాట, ఆయన జవాబూ విన్నది.

"నువ్వు విన్నావా ఇది?" అంది నా వైపు తిరక్కుండా.

"విన్నానత్తయ్యా."

"ఎప్పుడు?"

"వచ్చిన రోజే."

తిట్టలేదు. తిడితే బాగుండేది. చుక్క వెతుక్కుని, ఫోన్ తెరిచి, ఆయన పేరు చదివేదాకా వేలు జరిపి, నొక్కింది. తన ఫోన్‌లోంచి తనంతట తాను చేసిన మొదటి కాల్ అది. అవతల ఎవరో ఆడమనిషి ఎత్తింది. ఫోన్ చదివేది వినబడాలని అత్తయ్య శబ్దం బాగా పెంచి పెట్టుకుంది, ఆవిడ గొంతు నాకూ వినిపించింది.

"ఎవరండీ? ఇది మా మరిదిగారి ఫోనండీ. ఆయన కార్ఖానా మానేసి మా దగ్గరికి వచ్చేశారు, రెండు వారాలైంది."

"ఆయన ఉన్నారా?" అంది అత్తయ్య.

"ఉన్నారు. కొత్త ఫోన్ కొనిచ్చాం గానీ తెరవడం ఆయన వల్ల కావట్లేదు. మేమే తీసి పెడుతుంటాం. పిలుస్తానుండండి, స్పీకర్‌లో పెడతాను. మేమంతా ఇక్కడే ఉన్నాం, పర్లేదు, మాట్లాడండి."

ఆమె వెనక టీవీ మోగుతోంది, పిల్లలు కొట్టుకుంటున్నారు, ఎవరో మగాయన "ఎవరూ?" అంటున్నాడు. ఒక్క మాట చెప్పమన్నాడు ఆయన, నీ నోటితో చెప్పు అన్నాడు. ఆ మాట ఇప్పుడు ఇంటిల్లిపాది మధ్య చెప్పాలి.

"చెప్పండి, ఏం చెప్పమంటారు ఆయనకి?" అంది ఆవిడ.

"ఏమీ లేదమ్మా. పొరపాటున నొక్కుకుంది" అంది అత్తయ్య, పెట్టేసింది.

మళ్ళీ చెయ్యమని నేను కాళ్ళ మీద పడ్డాను. ఆ ఊరు తీసుకెళతానన్నాను. "లే, తల దువ్వుకో, పొద్దున్నే కాలేజీ ఉంది" అంది. అంతకు మించి ఆ విషయం ఈ రోజుకీ ఎత్తలేదు. నాన్నకి చెప్పలేదు, అమ్మకి చెప్పలేదు. కార్ఖానాకి వెళ్ళొస్తుంది, అన్నం తింటుంది, అడిగితే మాట్లాడుతుంది. జడ నేనే వేసుకుంటున్నాను. అత్తయ్య ఎక్కడికీ వెళ్ళిపోకూడదనే కదా నేను కోరుకుంది. వెళ్ళలేదు. పక్క మంచం మీదే ఉంది, గోడవైపు తిరిగి పడుకుంటుంది.