నా పేరు పంపని పెద్దమనిషి

మంచు మీద స్కీ పోటీల్లో పాల్గొనేదాన్నని చెబితే దిల్‌సుఖ్‌నగర్‌లో ఎవరైనా ముందు నవ్వుతారు. తర్వాత "హైదరాబాద్‌లో మంచెక్కడిది?" అని అడుగుతారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. నా కోపం ఒకే ఒక్క మనిషి మీద, ఆయన్ని ఇప్పటికీ ఆ కుర్చీలో కూర్చోబెట్టిన వాళ్ళ మీద.

మా నాన్న లారీ డ్రైవర్. నల్గొండ దగ్గరి పల్లె మాది, దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దెకుండేవాళ్ళం. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌కు హిమాచల్ నుంచి యాపిల్ తోలేవాడు. అక్కడి తోట యజమాని ఒకాయన నాన్నకు స్నేహితుడయ్యాడు. నాకు పదకొండేళ్ళప్పుడు, చలికాలంలో, వాళ్ళింట్లో పెళ్ళికి మమ్మల్ని పిలిచారు. ఇంటి వెనక వాలులో పిల్లలు కాళ్ళకు స్కీ పలకలు కట్టుకుని జారుతున్నారు. నేనూ కట్టుకున్నాను. పొద్దంతా పడుతూనే ఉన్నాను. సాయంత్రం ఒక్కసారి కింద కంచె దాకా నిలబడే వెళ్ళాను. "ఇగ చాలు, పైకి రా" అని నాన్న పిలుస్తుంటే వినబడనట్టు మళ్ళీ ఎక్కాను.

తోటాయన తమ్ముడు స్కీ నేర్పే మాస్టారు. అప్పట్నుంచి ప్రతి చలికాలం వాళ్ళింట్లోనే ఉండి నేర్చుకున్నాను. మిగతా నెలలు ఇక్కడే. తెల్లారకముందే నాన్న స్కూటర్ మీద పెద్ద అంబర్‌పేట్ వైపు తీసుకెళ్ళేవాడు. రింగ్ రోడ్డు పక్క సర్వీస్ రోడ్డులో వాలుగా ఉన్నచోట ఖాళీ నీళ్ళ సీసాలు పెట్టి, వాటి మధ్య నుంచి చక్రాల స్కేట్ల మీద మలుపులు తిరిగేదాన్ని. పడితే కింద మంచు కాదు, తారు. మా ఇంటి ఓనరమ్మ గుంటూరు వైపు ఆవిడ. నా మోచేతులు చూసి, "ఆడపిల్లవి, ఒళ్ళంతా ఇలా గీరుకుపోతే ఎలాగమ్మా?" అంటూనే కొబ్బరినూనె తెచ్చి రాసేది.

ఇరవై రెండో ఏట జాతీయ పోటీల్లో జెయింట్ స్లాలమ్ గెలిచాను. వాలులో పాతిన జెండాల మధ్య నుంచి మలుపులు తిరుగుతూ దిగాలి. తక్కువ సమయంలో దిగినవాళ్ళదే గెలుపు. యూరప్‌లో జరిగే పోటీకి నన్ను ఎంపిక చేశారు. జట్టు మేనేజర్‌గా మా రాష్ట్ర స్కీ సంఘం కార్యదర్శి వచ్చాడు, భార్యతో సహా. ఆయన జన్మలో స్కీ పలకల మీద నిలబడిన మనిషి కాదు.

పోటీ ముందురోజు సాయంత్రం జట్ల సమావేశం. ఎవరు ఏ నంబరుతో దిగాలో అక్కడ చెబుతారు. మేనేజర్ వెళ్ళాలి. ఆయన బజారుకు వెళ్ళాడు కాబట్టి నేనే వెళ్ళి కూర్చున్నాను. తెర మీద పేర్లన్నీ వచ్చాయి. నాది రాలేదు. మళ్ళీ పైనుంచి చదివాను. పోటీ నిర్వహిస్తున్న నెరిసిన జుట్టావిడ కంప్యూటర్లో వెతికి, నా పేరు తమకు అసలు అందనే లేదనీ, గడువు ఎప్పుడో దాటిపోయిందనీ చెప్పింది.

హోటల్ గుమ్మం దగ్గర ఆయన కోసం నిలబడ్డాను. రెండు చేతులా సంచులతో వచ్చాడు.

"సార్, నా పేరు పంపిండ్రా?"

"పంపలేదంటనా? ఆఫీసుల పంపుమని చెప్పిన కదా." ఒక సంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. "జర పరేషాన్ గాకు. వచ్చే ఏడు చూద్దాం. యూరప్ అయితే చూసినవ్ కదా, ఎంతమందికి దొరుకుతది?"

ఆయన లిఫ్ట్ ఎక్కి వెళ్ళిపోయాడు.

పొద్దున నెరిసిన జుట్టావిడ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. పోటీ మొదలయ్యే ముందు దారి సరిగ్గా ఉందో లేదో చూడడానికి కొందరిని దింపుతారు. వాళ్ళలో ఒకమ్మాయికి జ్వరం వచ్చిందట. "నువ్వు దిగుతావా? నీ సమయం మాత్రం ఎక్కడా రాయరు" అంది. దిగుతానన్నాను.

పైన నిలబడ్డప్పుడు దవడలు నొప్పి పుట్టేంతగా పళ్ళు బిగించి ఉన్నాను. మంచు గాజులా గట్టిగా ఉంది. ప్రతి జెండానూ భుజంతో కొట్టుకుంటూ దిగాను. అంతకుముందు ఎప్పుడూ అంత బాగా దిగలేదు, ఆ తర్వాతా దిగలేదు. గీత దాటి తల ఎత్తి చూస్తే బోర్డు నల్లగా ఉంది. ఒక్క అంకె లేదు.

తిరిగి వచ్చిన వారానికే దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాలో ఫ్లెక్సీ వెలిసింది. కార్యదర్శి ఫొటో పెద్దది, నాది మూలన చిన్నది. ఫంక్షన్ హాల్లో సన్మానం. "మన బిడ్డ యూరప్‌ల పోటీ పడి మన పేరు నిలబెట్టింది" అని ఆయన మైకులో చెప్పి శాలువా విప్పాడు. నేను మైకు తీసుకున్నాను.

"నేను పోటీ పడలే. సార్ నా పేరే పంపలే. గీ శాలువా నాకొద్దు."

వేదిక దిగి బయటికి వచ్చేశాను. వెనకే అమ్మానాన్నా వచ్చారు. ఆటోలో అమ్మ అడిగింది: "నీ పేరే పంపకుంటే, మరి గాయన ఎందుకు పోయిండే?"

క్రమశిక్షణ తప్పానని రెండేళ్ళు నన్ను పోటీలకు దూరం పెట్టారు. నాన్న లారీ పని మానుకుని మరీ నాతో ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఉత్తరాలు తీసుకున్నారు, జవాబు ఇవ్వలేదు. ఆ రెండేళ్ళు నా ఒంట్లో బలం ఉన్న ఏళ్ళు. నిషేధం తీరాక యూరప్‌లోనే ఒక పోటీలో దిగాను. అప్పటికే మోకాలు అరిగింది. చివరి నుంచి రెండో స్థానం. జాబితాలో నా పేరుంది, పక్కన సమయం ఉంది. ఫోనులో నాన్న, "గట్లయితే ఒకామెనన్న దాటినవ్" అన్నాడు. నవ్వాను, తర్వాత ఏడ్చాను. ఆ ఏడుపు ఓడిపోయినందుకు కాదు.

ఆయన ఇంకా కార్యదర్శే. పెళ్ళిళ్ళలో ఎదురైతే "ఏమ్మా, మంచిగున్నవా?" అంటాడు. నేను బదులివ్వను. మర్యాద తెలియదని చుట్టాలు చెవులు కొరుక్కుంటారు. కొరుక్కోనీ.

ఇప్పుడు ఎల్బీ నగర్‌లో పిల్లలకు స్కేటింగ్ నేర్పుతున్నాను. వాళ్ళు ఏ పోటీకి ఎంపికైనా, స్కేటింగ్ సంఘం ఆఫీసుకు నేనే వెళ్తాను. పేర్లు పంపిన కాగితం మీద ముద్ర వేసిన నకలు చేతికిచ్చేదాకా కదలను. మొన్న అక్కడి గుమాస్తా విసుక్కున్నాడు. "ఏంది మేడమ్, మా మీద నమ్మకం లేదా?"

"లేదు" అని చెప్పి, కుర్చీ లాక్కుని కూర్చున్నాను.