బండల సందులో ఎలుగుబంటి

నా చిన్నప్పుడు జూబ్లీహిల్స్‌లో ఇళ్లకన్నా బండలే ఎక్కువ. ఇప్పుడు ఫిల్మ్‌నగర్ ఉన్న వైపంతా సీతాఫలం పొదలు, చెదపుట్టలు. మా పెద్దమ్మ ఆ చుట్టుపక్కల కట్టే ఇళ్లకు రాళ్లు మోసేది. ఆమె పుట్టి పెరిగింది మాత్రం అచ్చంపేట అడవి అంచున.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం ఆమె వెంట కాయలకు వెళ్లాను. రెండు పెద్ద బండల నడుమ దూరి, లోపల ఉన్న చెట్టు కాయలు తెంపుతున్నాం. ఆ సందుకు అటువైపు దారి లేదు. ఇంతలో బయట ఎవరో బుసబుసమని గాలి పీలుస్తున్నట్టు చప్పుడు. తొంగి చూస్తే ఎలుగుబంటి! మేం వచ్చిన దారిలోనే పుట్ట తవ్వి చెదలు తింటోంది. వీపు మీద రెండు పిల్లలు.

నేను కేక పెట్టి పరుగెత్తబోయాను. పెద్దమ్మ జబ్బ పట్టి కూర్చోబెట్టింది.

"ఉర్కకు బిడ్డా. ఒర్రకు. అది మనకన్న జోరుగ ఉర్కుతది."

"చెట్టెక్కుదాం పెద్దమ్మా."

"గదిగూడ ఎక్కుతది. సప్పుడు జెయ్యక కూసో."

ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. బండ వేడికి వీపు కాలింది. చీమలు కుట్టినా కదల్లేదు. నిక్కరు తడిసిపోయింది. గాలి మళ్లి మా వాసన తగిలినట్టుంది, ఎలుగుబంటి ఒక్కసారిగా వెనక కాళ్ల మీద లేచి మా వైపు తిరిగింది. పెద్దమ్మ నన్ను బోర్లా పడుకోబెట్టి, మెడ వెనక చేతులు పెట్టించి, తాను ముందుకు జరిగింది. దాని కళ్లలోకి చూడకుండా, ఇంటి బర్రెతో మాట్లాడినట్టు మెల్లగా మొదలుపెట్టింది.

"మేమున్నం తల్లీ. నిన్నేం జెయ్యం. నీ పిల్లల్ని తీస్కొని నువ్వు పో."

అవే మాటలు మళ్లీ మళ్లీ. చివరికి అది గుర్రుమని కిందికి వాలి, పొదల్లోకి వెళ్లిపోయింది. ఆ తర్వాత కూడా ఆమె నన్ను చాలాసేపు లేవనివ్వలేదు. లేచాక అది పోయిన వైపు కాకుండా, చుట్టూ తిప్పి నడిపించుకొచ్చింది.

రోడ్డు మీదికి రాగానే చతికిలబడింది. చెంగులో పోసుకున్న కాయలు రోడ్డు మీద దొర్లిపోతున్నా ఏరుకోలేదు.

"నీకూ భయమైందా?" అన్నాను ఆశ్చర్యంగా.

"పాణం పోయింది బిడ్డా. గని గొంతుకు తెల్వనియ్యలె."

ఇప్పటికీ ఆస్పత్రి వరండాల్లో, నడిమధ్య ఆగిపోయిన లిఫ్టుల్లో, తప్పించుకునే దారి కనిపించని ప్రతిచోటా నా గొంతు దానంతటదే తగ్గిపోతుంది. మా ఇంట్లోవాళ్లు అది ధైర్యమనుకుంటారు. కాదని ఇంతవరకు వాళ్లకు చెప్పలేదు.