రెండు ఊళ్ల మనిషి

బందరు కాలువకు నీళ్లు వదిలిన రోజు విజయవాడలో మా ఆఫీసు కిటికీలోంచి ఒక వాసన వస్తుంది. వేసవంతా ఎండి పగుళ్లిచ్చిన ఒండ్రు మీదుగా కొత్త నీరు పారుతున్నప్పటి పచ్చి వాసన. ఈ ఏడాది అది ముక్కుకు తగలగానే చేతిలో ఫైలు పక్కన పెట్టేశాను. వీరభద్రం మాస్టారు గుర్తొచ్చారు.

తొంభైల్లో ఆయన మాకు డిగ్రీలో చరిత్ర చెప్పారు. ఆయనదీ మాదీ ఒకే ఊరు, పామర్రు అవతల, పంట కాలువకు ఎగువన. ఉద్యోగం కోసం గవర్నరుపేటలో అద్దెకుండేవారు గానీ మనసంతా ఊళ్లోని పొలం మీదే. ఆదివారం వస్తే బస్సెక్కి వెళ్లి గట్ల వెంట తిరిగొచ్చేవారు. పాఠం చెబుతూ చెబుతూ ఆగి, కళ్లజోడు తీసి చేత్తో పట్టుకుని, "మీరైతే ఏం చేసుండేవాళ్లర్రా?" అని అడగడం ఆయన అలవాటు. పరీక్షకు పనికిరాని ఆ ప్రశ్నను మేం నోట్సులో రాసుకునేవాళ్లం కాదు.

ఐరోపా చరిత్రలో డెన్మార్కుకీ స్వీడన్‌కీ జరిగిన యుద్ధాల గురించి మా పుస్తకంలో రెండు మూడు వాక్యాలుండేవి. మాస్టారు ఆ వాక్యాల దగ్గర ఓ గంట ఆగిపోయారు. ఆ రెండు రాజ్యాల మధ్య సన్నని సముద్రపు పాయ. పాయకు తూర్పున ఉన్న పల్లెలు ఒకప్పుడు డెన్మార్కువి. ఒక యుద్ధం తర్వాత స్వీడన్ చేతికి పోయాయి. అక్కడొక జమీందారు ఉండేవాడు. ఆయన్ని మాస్టారు "మన దొరగారు" అనేవారు, పక్కూరి మనిషి గురించి చెప్పినట్టు. దొరగారు పుట్టింది డెన్మార్కు ప్రజగా. రైతుల్నీ భూముల్నీ కాపాడుకోవడానికి స్వీడన్ రాజుకు విధేయుడిగా ప్రమాణం చేశాడు. కొన్నేళ్లకు డెన్మార్కు సైన్యం పాయ దాటి మళ్లీ వచ్చింది. అందులో ఆయన సొంత తమ్ముడున్నాడు. కోట తలుపులు తియ్యమని తమ్ముడు కబురు పెట్టాడు. శత్రువుకు గింజ దొరక్కుండా పల్లెల్లో ధాన్యం తగలబెట్టమని స్వీడన్ రాజు ఆజ్ఞ పంపాడు.

"మరేం చేశాడండీ?" అన్నాను ఆత్రం ఆపుకోలేక.

"జబ్బు చేసిందని మంచమెక్కాడమ్మా. ఇద్దరి మనుషులకూ అదే చెప్పించాడు. యుద్ధమైపోయేదాకా దిగలేదు."

"నిజంగానే జబ్బా?"

మాస్టారు నవ్వారు. "నేను నమ్మను. పాపం, ఏం చెయ్యాలో తోచలేదు. ఈలోపల ఆ సైన్యం ఒకసారి, ఈ సైన్యం ఒకసారి పల్లెల్ని తగలబెట్టాయి. ఇక్కడ నేనున్నాను, ఆగండని రెండు వైపులా చెప్పగలిగినవాడు ఆయనొక్కడే. ఆయనేమో దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. చివరికి రాజు భూములు లాక్కున్నాడు, తమ్ముడు గడప తొక్కనివ్వలేదు. ఈ పాఠం చెప్పినప్పుడల్లా, లేవయ్యా దొరా, ఒక్కసారి లేచి బయటికి రావయ్యా అని ఆయన్ని బతిమాలాలనిపిస్తుంది."

తరవాత చదువైపోయింది. నాకు విజయవాడలోనే రెవెన్యూ శాఖలో ఉద్యోగం వచ్చింది. రెండువేల సంవత్సరం దాటాక వానలు మొహం చాటేసిన ఏడాది ఒకటి వచ్చింది. కాలువకు నీళ్లు వంతుల వారీగా వదిలారు. మా ఊరివాళ్లు ఇసుక బస్తాలు వేసి పంట కాలువకు అడ్డు కట్టేశారు. దిగువ ఊళ్లో ఈనబోయే వరి పొట్ట మీదుంది, నీటిచుక్క లేదు. మాస్టారి కూతురు సుజాతను ఇచ్చింది ఆ దిగువ ఊరికే. గట్టు మీద ఒకసారి కర్రలు లేచాయి, ఇద్దరి తలలు పగిలాయి. మర్నాడు తూము దగ్గరికి కాలువల ఇంజనీరు గారు వచ్చి రెండు ఊళ్లవాళ్లతో మాట్లాడతారన్నారు.

ఆ ముందురోజు మధ్యాహ్నం మా నాన్న నన్ను వెంటబెట్టుకుని గవర్నరుపేట వెళ్లాడు. మాస్టారు మంచం మీదున్నారు. బీపీ పెరిగి డాక్టరు కదలొద్దన్నాడట.

"మాస్టారూ, రేపు మీరు మన తరఫున మాట్లాడాలండీ. ఆ ఇంజనీరు మీ స్టూడెంటే కదా, మీ మాట కాదనడు" అన్నాడు నాన్న.

"పొద్దున్నే అల్లుడు ఫోన్ చేశాడయ్యా. మా తరఫున మాట్లాడండి మావయ్యగారూ అని" అన్నారు మాస్టారు.

ఆయన భార్య కాఫీ గ్లాసులు పెడుతూ, "ఒంట్లో బాగాలేదని చెప్పెయ్యండి. ఎవరూ తప్పుపట్టరు. ఇటు మాట్లాడితే పిల్ల బతుకు, అటు మాట్లాడితే ఊళ్లో మన బతుకు" అన్నారు.

మాస్టారు నా వైపు చూశారు. ఆ చూపు నాకు అర్థమైంది. "దొరగారికి కూడా ఎవరో ఇలాగే చెప్పుంటారమ్మా" అని మెల్లగా లేచి కూర్చున్నారు.

మర్నాడు తూము దగ్గర అటొక గుంపు, ఇటొక గుంపు. మాస్టారు కారు దిగి, నా భుజం పట్టుకుని గట్టెక్కారు.

"నా పొలం ఎగువనుంది. నా కూతురు దిగువనుంది. ఈ రెండూ మనసులో పెట్టుకునే నా మాట వినండి" అని మొదలుపెట్టారు. "ఎగువ చేలకు ఒక వంతు తగ్గినా పైరు చావదు, దిగుబడి తగ్గుతుంది. దిగువ చేలు ఈ వారం తడవకపోతే చస్తాయి. అడ్డు తీసెయ్యండి. నష్టపోయేవాళ్లలో ముందు నన్ను రాసుకోండి. నా వంతు నీళ్లన్నీ కిందికే వదిలెయ్యండి, నాకు చుక్క వద్దు." తరవాత దిగువ గుంపు వైపు తిరిగారు. "మీకూ నిండుగా రావు. సగం చేలకే చాలతాయి. ఏ సగమో మీలో మీరు తేల్చుకోండి. మళ్లీ కర్ర పట్టుకుని ఈ గట్టెక్కితే నేనే అడ్డం పడుకుంటాను. అల్లుడుగారూ, మీక్కూడా చెబుతున్నాను."

"కూతురి కోసం ఊరిని ముంచాడు!" అని ఎవరో అరిచారు. నాన్న తల తిప్పుకున్నాడు. ఇంజనీరు గారు మాత్రం బస్తాలు తీయించారు.

దిగువన సగం పంట చేతికొచ్చింది. మాస్టారి చేను ఎండి గడ్డిగా మిగిలింది. ఊళ్లో చాలామంది ఆయనతో మాట మానేశారు. సగం చేలు ఎండిన కోపంతో అల్లుడు పండక్కి కూడా రాలేదు. ఒక ఆదివారం బస్సులో పక్కన కూర్చుని, "బాధగా లేదాండీ?" అని అడిగాను. "ఉందమ్మా. కానీ రాత్రిళ్లు నిద్రపడుతోంది" అన్నారు. రెండేళ్లకు కాలువలు నిండాక మా నాన్నే గట్టు మీద ఆయనకు ఎదురెళ్లి, "కాఫీ తాగి వెళ్దురు గాని రండి మాస్టారూ" అని పిలుచుకొచ్చాడు. వాళ్లిద్దరూ ఆ పూట నీళ్ల ఊసే ఎత్తలేదు. సుజాత కొడుకు చదువు గురించి మాట్లాడుకున్నారు.

మాస్టారు పోయి చాలా ఏళ్లయింది. ఆయన చెప్పిన తేదీలు నేను మరిచిపోయాను. మొన్న అన్నదమ్ముల భూమి తగాదా ఒకటి నా ముందుకొచ్చింది. తమ్ముడి భార్య మా ఆయనకు దూరపు చుట్టం. "సెలవు పెట్టెయ్యండి మేడమ్, గోల వదిలిపోతుంది" అన్నాడు మా క్లర్కు. నేను ఇద్దర్నీ కూర్చోబెట్టి, చుట్టరికం ఏమిటో ముందే చెప్పాను. ఇష్టం లేకపోతే ఫైలు వేరే అధికారికి పంపిస్తానన్నాను.

అన్నగారు కుర్చీ కాస్త ముందుకు జరుపుకుని, "అక్కర్లేదండీ. మీరే వినండి" అని తన గోడు మొదలుపెట్టాడు.