జీపు కిరాయి వసూలైన రోజు

మొన్నీమధ్య పట్నంలో డాక్టరు దగ్గరికి బయలుదేరాల్సిన ముందురోజు సాయంత్రం, కామారెడ్డిలో మా అబ్బాయి ఇంట్లో టీ తాగుతూ కూర్చున్నప్పుడు, వాడు ఫోను తీసి లెక్క మొదలుపెట్టాడు. కారులో అయితే పెట్రోలుకు ఎంత, దారిలో టోలుగేట్లకు ఎంత, ఆసుపత్రి దగ్గర కారు నిలిపినందుకు ఎంత. రైల్లో అయితే టిక్కెట్టుకు ఎంత, సికింద్రాబాదులో దిగాక ఆటోకు ఎంత, ముసలావిడ వెంట ఉందని చూసి ఆటోవాడు పెంచితే ఇంకెంత. కనుబొమలు ముడిచి, పెదవులు కదుపుతూ లెక్క కడుతున్న వాడిని చూస్తే నాకు నవ్వాగలేదు. నిజానికి అది నవ్వే సందర్భం కాదు. నా మెడ దగ్గర గడ్డ ఒకటి లేచింది, దాని ముక్క తీసి పరీక్షకు పంపారు, ఆ ఫలితం ఏమిటో వినడానికే మర్నాటి ప్రయాణం. జీవితమంతా నర్సు ఉద్యోగం చేసి ఎల్లారెడ్డిలో రిటైరైనదాన్ని, భయపడడానికి కావలసినన్ని విషయాలు నాకు అందరికన్నా బాగా తెలుసు. అయినా నవ్వొచ్చింది. ఆ ముడిచిన కనుబొమలు మా నాన్నవి, మా బాపువి. ఆ లెక్కా మా బాపుదే.

మాది ఎల్లారెడ్డికి దగ్గర్లో ఒక చిన్న పల్లె. కొంచెం వరి, కొంచెం చెరకు, ఉన్నంతలో ఇంకొకరి దగ్గర చేయి చాచకుండా బతికే ఇల్లు. మా బాపుకు బీడీ అలవాటు లేదు, కల్లు అలవాటు లేదు గానీ, పట్నం ప్రయాణం ఎవరిదైనా సరే, రైలు అగ్గువా జీపు అగ్గువా, ఏది చవక అని లెక్క తేల్చందే నిద్రపట్టని అలవాటు ఒకటి ఉండేది. అరుగు మీద చింతగింజలు పోసుకుని ఒకవైపు రైలు కుప్ప, ఒకవైపు జీపు కుప్ప పెట్టేవాడు. నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో రైలంటే ఒక్క టిక్కెట్టుతో పోయేది కాదు. రైలెక్కాలంటే ముందు బస్సులో కామారెడ్డి చేరాలి. పొద్దున వచ్చే బండికి మా మొదటి బస్సు అందదు కాబట్టి ముందురోజే వెళ్ళి మా మేనత్త ఇంట్లో పడుకోవాలి. ఆడబిడ్డ ఇంటికి చేతులూపుకుంటూ పోలేం కాబట్టి ఒక కోడినో కాసిని పెసర్లనో పట్టుకుపోవాలి. ఆమె ఊరుకుంటుందా, తిరుగు ప్రయాణంలో మా అవ్వకు, అంటే మా అమ్మకు, జాకెట్టు గుడ్డ పెట్టి పంపుతుంది, మళ్ళీ ఆమె మా ఇంటికి వచ్చినప్పుడు దానికి సరితూగే చీర మేం పెట్టాలి. ఇన్నీ లెక్కలోకి వచ్చేసరికి రైలు కుప్ప పెరిగి పెరిగి చివరికి జీపును మించిపోయేది.

జీపు మా ఊళ్ళోనే ఉండేది. బాపుకు వరసకు తమ్ముడయ్యే మనిషిది. మేమంతా జీపు కాక అనేవాళ్ళం. ఆయన పాట ఎప్పుడూ ఒక్కటే. "తలా ఇంత ఏసుకుంటే రైలు కన్న అగ్గువనే అయితది అన్నా." బాపు కూడా జీపు కుప్పను ఎక్కేవాళ్ళ సంఖ్యతో పంచి, ఎంత తక్కువ పడుతుందో చూసి మురిసిపోయేవాడు. ఆ తలా ఇంత అన్న మాట దగ్గరే ప్రతిసారీ ఆయన బోర్లా పడేవాడు. ఎందుకంటే మా దగ్గర జీపు కిరాయికి మాట్లాడిన మనిషే కిరాయి ఇస్తాడు, ఎక్కిన వాళ్ళు ఇవ్వరు. అలా ఇవ్వడం అంటే మీరు మాకు పరాయివాళ్ళు అన్నట్టు. అడగడం అంటే ఇంటికి వచ్చిన చుట్టానికి అన్నం పెట్టి పైసలడిగినట్టు. బండి ఎలాగూ పోతోంది, అందులో చోటుంది, అది మనవాళ్ళది, ఇక కిరాయి మాట ఎక్కడిది? ఈ సంగతి బాపుకు తెలియక కాదు. తెలిసి కూడా ప్రతిసారీ మనుషులతో పంచేవాడు, ప్రతిసారీ మొత్తం తానే ఇచ్చేవాడు, అవ్వ ప్రతిసారీ నవ్వేది.

అలాంటి రోజుల్లో నాకు పట్నంలో నర్సు ట్రైనింగు సీటు వచ్చింది. ఫలానా రోజు ఆఫీసు మూసేలోగా అసలు సర్టిఫికెట్లతో వచ్చి చేరకపోతే ఆ సీటు ఇంకొకరికి ఇచ్చేస్తామని రాశారు. మా వంశంలో ఆడపిల్ల ఉద్యోగానికి గడప దాటింది లేదు. మా పెదనాన్నలు ఆ ఎండాకాలమే నా పెళ్ళి చేసేయాలని సంబంధం కూడా చూసి పెట్టారు. బాపు ఒక్కడే వాళ్ళందరికీ ఎదురు నిలిచి, పిల్ల చదువుతుంది అని ఒక్క మాట మీద ఉన్నాడు. సీటు చేజారితే ఆయన మాటా పోతుంది, నా చదువూ ముగుస్తుంది. ఇంత పెద్ద ప్రయాణానికి కూడా ఆయన చింతగింజలు పోశాడు, జీపే అగ్గువని తేల్చాడు, గడువు రోజు పొద్దున్నే బయలుదేరితే చాలనుకున్నాడు.

మెదక్ మీదుగా వెళితే పట్నం దగ్గర. పోచారం అడవి పక్క నుంచి తిన్నగా పోవచ్చు. కానీ మేనకోడలిని హాస్టల్లో దింపడానికి ఆడదిక్కు లేకుండా ఎలా వెళతారని కామారెడ్డి మేనత్త కబురు పంపింది. పట్నంలో గాజులు కొనుక్కోవాలన్న కోరిక కూడా ఆ కబురులో కలిసి ఉంది. కాబట్టి జీపు కామారెడ్డి వైపు తిరిగింది. మేనత్త భర్తకు, అంటే మా మామకు, కళ్ళు మసకలు కమ్ముతున్నాయి, ఎలాగూ వెళుతున్నాం కాబట్టి కంటి ఆసుపత్రిలో చూపించుకుంటానని ఆయనా వస్తానన్నాడు. మా పెద్దమ్మ కూతురు, అల్లుడు మేడ్చల్ దగ్గర ఇండ్లు కట్టే పనికి కూలికి వెళ్ళి ఏడాది దాటింది. పెద్దమ్మ జొన్నరొట్టెల మూట కట్టుకుని తెల్లవారకముందే వచ్చి జీపు దగ్గర నిలబడింది. "ఎట్లన్న బండి పోతనే ఉన్నది గదా, నేను గింత మూలకు కూసుంట," అంది. నా ఆకుపచ్చ రేకు పెట్టెను జీపు పైన తాడుతో కట్టారు. సర్టిఫికెట్లు నలగకూడదని అవ్వ వాటిని నా చీరల మధ్య పెట్టి ఆ పెట్టెకే తాళం వేసింది.

కామారెడ్డిలో మేనత్త అందరికీ వంట చేసి సిద్ధంగా ఉంది. ఆలస్యమవుతోందని బాపు నసిగితే, "నా ఇంటి ముంగటికెల్లి తినకుండ పోతరా? గట్ల పోతే మల్ల నీ గడప తొక్కను," అని ఆమె విస్తళ్ళు వేసింది. ఇక ఎవరు కాదంటారు? తిని, మామ ఒక కునుకు తీసి, మేనత్త చీర మార్చుకుని, అందరం జీపెక్కేసరికి ఎండ నడినెత్తికి వస్తోంది. అక్కడి నుంచి రైల్వే గేటు దాకా వచ్చామో లేదో గేటు పడింది. అవతల స్టేషన్లో పట్నం వెళ్ళే చిన్న పట్టాల బండి, పొద్దున రావలసింది, ఆలస్యమై అప్పుడే వచ్చి ఆగింది. మాకింకా రామాయంపేటలో ఒక చుట్టాన్ని పలకరించేది ఉంది, మేడ్చల్లో పెద్దమ్మను దింపేది ఉంది, కంటి ఆసుపత్రి ఉంది. బాపు ఆ రైలును చూశాడు, జీపులో ఉన్నవాళ్ళను చూశాడు, ఉన్నట్టుండి నా చేయి పట్టుకుని కిందికి దిగాడు. "దిగు బిడ్డా, ఈ జీపును నమ్ముకుంటే నీ సీటు పోతది." కిరాయి మొత్తం పొద్దున్నే ఇచ్చేసి ఉన్నాడు. అయినా వెనక్కి చూడకుండా గేటు పక్క సందులోంచి నన్ను లాక్కుపోయి, టిక్కెట్లు తీసి, రైలెక్కించాడు.

కిటికీ పక్కన చోటు దొరికింది. బాపు నెత్తి మీది రుమాలు తీసి మొహం తుడుచుకుని, రైలంటే రైలే బిడ్డా అన్నాడు. అన్నేళ్ళుగా చింతగింజలతో ఓడిస్తూ వచ్చిన రైలును ఆయన ఆ రోజు మనసారా మెచ్చుకున్నాడు. భిక్కనూరు దాటాక నేను కాళ్ళు చాపుకుందామని చూస్తే కాళ్ళ దగ్గర చోటు బోలెడంత ఉంది. ఇంత చోటు ఎందుకుందా అని అనుకున్నాను.

"బాపూ, నా పెట్టె?"

ఆయన చుట్టుకున్న రుమాలు విప్పాడు, మళ్ళీ చుట్టుకున్నాడు, మళ్ళీ విప్పాడు. పట్నం వచ్చేదాకా నేను ఏడుస్తూనే ఉన్నాను, ఆయన రుమాలు చుడుతూనే ఉన్నాడు.

వేళకు చేరాం. కానీ ఉత్త చేతులతో చేరాం. ఆ ఆఫీసులో ఉన్న మేడం చెడ్డమనిషి కాదు. సర్టిఫికెట్లు చూడకుండా పేరు రాసుకునే అధికారం తనకు లేదనీ, ఆఫీసు మూసేదాకా మాత్రం ఎదురుచూస్తాననీ చెప్పింది. మేం వరండా మెట్ల మీద కూర్చున్నాం. దారిలో ఎక్కడెక్కడ ఆగాలో, ఎక్కడెక్కడ ఎంతసేపు మాట్లాడుకుంటారో నాకు తెలుసు కాబట్టి, ఆ జీపు చీకటి పడ్డాక గానీ రాదని నాకు నమ్మకం కుదిరిపోయింది. మనసులో ఆ ఎండాకాలం పెళ్ళికి ఒప్పేసుకున్నాను కూడా. చేరవలసిన అమ్మాయిలందరూ చేరిపోయి, బంట్రోతు కిటికీలు మూయడం మొదలుపెట్టాడు.

అప్పుడు గేటు దగ్గర హారన్ వినిపించింది. మా జీపు కాక హారన్‌కు దగ్గొచ్చిన మనిషి గొంతు ఉండేది, నిద్రలో విన్నా గుర్తుపడతాను. దుమ్ము కొట్టుకున్న జీపులోంచి ముందు మేనత్త దూకింది. కళ్ళు సరిగా కనబడని మామ జీపు మీదికెక్కి చేత్తో తడుముతూ తాడు విప్పుతున్నాడు. బాపు ఆ పెట్టెను ఎత్తుకుని వరండాలోకి పరుగెత్తిన తీరు చూసి మేడం కూడా నవ్వేసింది. నా పేరు రాసుకున్నారు.

సంగతి తర్వాత తెలిసింది. రైల్వే గేటు తెరిచాక తల పైకెత్తి పెట్టెను మొదట చూసింది మేనత్తేనట. పిల్ల కాగితాలు ఇందులోనే ఉన్నాయి అనగానే ఇక ఎవరూ ఎక్కడా ఆగే మాటెత్తలేదు. రామాయంపేట చుట్టం ఇంటి ముందు నుంచే పలకరించకుండా వచ్చేశారు. మామ కంటి ఆసుపత్రి వేళ దాటిపోయింది. మేనత్త గాజుల ఊసే మరిచింది. పెద్దమ్మ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ కళ్ళు నిండుతాయి. మేడ్చల్ దగ్గర ఆమె కూతురు పని మానుకుని, తల్లి వస్తుందని రోడ్డు మీద కాచుకుని ఉంది. జీపు ఆగీ ఆగకముందే పెద్దమ్మ రొట్టెల మూటను కూతురి చేతుల్లో పెట్టి, పోనియ్యి అందట. ఏడాది తర్వాత చూసిన కూతురు. నేను పెద్దమ్మ చేతులు పట్టుకుని ఏడిస్తే, "చూసిన గాదా, మంచిగనే ఉన్నది. నిలబడి మాట్లాడితే నీ సీటు పోతుండె," అని నా కొంగుతోనే నా మొహం తుడిచింది. తిరుగు ప్రయాణంలో ఆమెను అక్కడ దింపి, రెండు రోజులు కూతురి దగ్గర ఉండనిచ్చి, బాపే మళ్ళీ వెళ్ళి రైల్లో తీసుకొచ్చాడని అవ్వ చెప్పింది.

ఆ సాయంత్రం నన్ను హాస్టల్లో దింపి వెళ్ళేటప్పుడు బాపు గేటు దగ్గర ఆగాడు. జీపులో ఇరుక్కుని కూర్చున్న వాళ్ళందరినీ ఒకసారి చూసి, "ఇన్నేండ్ల కిరాయి ఇయ్యాల వసూలైంది బిడ్డా," అన్నాడు. ఆ తర్వాత ఆయన అరుగు మీద చింతగింజలు పోయడం నేను చూడలేదు.

ఇదంతా మా అబ్బాయికి చెబితే వాడు శ్రద్ధగానే విన్నాడు గానీ, చివరికి మెడ కదలకుండా ఉంటుందని కారే నయమన్నాడు. కోడలికి బడి ఉంది, మనవరాలికి పరీక్షలున్నాయి, మేమిద్దరమే బయలుదేరాం. వెళ్ళేముందు పక్కింటివాళ్ళు ఎక్కడికని అడిగితే ఊరికే పట్నం దాకా అన్నాం. వాళ్ళూ జాగ్రత్త అన్నారు. మేమూ వస్తామని ఎవరూ అనలేదు, రమ్మని మేమూ అనలేదు. రోడ్డు నున్నగా ఉంది, కారు చల్లగా ఉంది, ఎక్కడా ఆగకుండా వేళకన్నా ముందే చేరాం.

డాక్టరు కాగితం చూసి, భయపడాల్సింది ఏమీ లేదమ్మా, ఉత్త కొవ్వు గడ్డ అన్నారు. నేను మళ్ళీ చెప్పించుకున్నాను. మా అబ్బాయి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. కారెక్కి కూర్చున్నాక ఆ సంతోషం పట్టలేక, గడ్డ మంచిదేనట అని అందరికీ చెబుదామని గబుక్కున వెనక్కి తిరిగాను. వెనక సీట్లో నా చేతిసంచీ ఒక్కటే ఉంది.