కంచు తల్లిని తోమనన్న రోజు

నాంపల్లిలో ఒక మ్యూజియంలో, పాత బొమ్మలు బాగుచేసే గదిని ఊడ్చే పనికి చేరాను. నా చదువు నాలుగో తరగతి. ఈజిప్టు అనే దేశం ఒకటుందని కూడా అప్పటికి తెలియదు. ఆ గదిలో బల్ల మీద జానెడు ఎత్తు కంచు బొమ్మ ఉండేది. కూర్చున్న తల్లి, ఒళ్లో బిడ్డ. బిడ్డకు పాలివ్వబోతూ రొమ్ము మీద పెట్టుకున్న చెయ్యి. ఈజిప్టుదనీ, వేల ఏళ్ల నాటిదనీ ఆ గదిలో బొమ్మలు బాగుచేసే మేడం చెప్పింది. నాకైతే మా బస్తీలో గడప మీద కూర్చుని పాలిచ్చే ఆడమనిషిలాగే కనిపించింది.

ఆ తల్లి మోకాలి మీద లేత ఆకుపచ్చ పొడి పుట్టింది. ఒంటి మీదున్న ముదురు రంగు వేరట, అది కంచుకు చర్మం లాంటిదట. ఈ లేత పొడి మాత్రం రోగం. ఉప్పూ తడీ కలిస్తే లోపలికి తింటూ పోతుంది. మేడం ఆ మాట చెప్పగానే మా ఇంటి కంచం గుర్తొచ్చింది. మా అత్తమ్మ కంచు కంచాన్ని ఒక పండుగకు చింతపండూ ఉప్పూ వేసి తోమింది నేనే. అది తళతళా మెరిసింది. వానాకాలం, సరిగా ఆరకుండానే పెట్టెలో పెట్టేశాను. నెలల తర్వాత తీస్తే ఇదే పచ్చపొడి. గోటితో గీకితే కంచానికి చిల్లు. అత్తమ్మ తిట్టలేదు, ఆ కంచంలో అన్నం తినడం మానేసింది. అదే నాకు పెద్ద తిట్టు.

ఈ సంగతి చెబితే మేడం నవ్వలేదు. ఆబిడ్స్‌లో గడియారాలు బాగుచేసే దుకాణం నుంచి కంటికి పెట్టుకునే భూతద్దం తెచ్చి నా చేతికిచ్చింది. బియ్యంలో రాళ్లు ఏరే చెయ్యి కదా, వణకదంది. చేతులకు తొడుగులు వేసుకుని, సూదిమొనతో పొడిని ఒక్కో రేణువూ తీసేదాన్ని. పూటంతా కూర్చుంటే గోరంత మేర శుభ్రమయ్యేది. తర్వాత మేడం మందు పూసి, తేమ పీల్చే గుళికలున్న డబ్బాలో పెట్టేది. అలా పని చేస్తుండగా ఒకరోజు భూతద్దంలో బిడ్డ ముఖం చూశాను. పైపైన చూస్తే అరిగిపోయిన ముఖం. అద్దంలో మాత్రం పెదవి మీద వెంట్రుకంత గీత ఉంది. బిడ్డ పాల కోసం నోరు తెరుస్తున్నాడు.

మేడం సెలవులో ఉన్న వారంలో, ప్రదర్శన ఏర్పాట్లు చూసే సారు వచ్చాడు. వెంట తెచ్చిన పొట్లంలో చింతపండు, ఉప్పు, కొబ్బరి పీచు.

"ఎల్లుండి పెద్దోళ్లు వస్తున్రమ్మా. గిది గిట్ల నల్లగ ఉంటే ఇజ్జత్ పోతది. ఇంట్ల కంచాలు తోమినట్టు జర తోమియ్యి."

తోమకూడదని చెప్పాను. మా కంచం కథ కూడా చెప్పాను. ఊడ్చేదానివి, నాకు పాఠాలు చెప్తవా అన్నాడు. నువ్వు కాకపోతే ఇంకొకరితో తోమిస్తానంటూ డబ్బా మీద చెయ్యి వేశాడు. నాకు ఆ పెదవి మీది గీత గుర్తొచ్చింది. పీచు ఒక్కసారి తగిలితే చాలు, అది పోతుంది. వేల ఏళ్లు నిలిచింది నా కళ్లముందు పోవాలా? డబ్బాను రెండు చేతులతో నా వైపు లాక్కున్నాను.

"తోమమని కాయితం మీద రాసి సంతకం పెట్టుండ్రి సార్," అన్నాను. "మేడం వస్తే చూపియ్యాలె గద."

ఆయన జేబులో పెన్ను ఉంది. ఎదురుగా బల్ల మీద తెల్లకాగితాలున్నాయి. నేనే ఒకటి ముందుకు జరిపాను. కాగితాన్ని చూశాడు, నన్ను చూశాడు. పెన్ను బయటకు రాలేదు.

"రేపటి సంది ఈ గదిల అడుగు పెట్టకు."

"పెట్టను సార్. మీరు గూడ దీని మీద చెయ్యి పెట్టకుండ్రి."

పొట్లం తీసుకుని వెళ్లిపోయాడు. వెంటనే మేడంకు ఫోన్ చేశాను. ఆమె పైవాళ్లతో మాట్లాడింది. బొమ్మ నల్లగానే అద్దాల పెట్టెలోకి వెళ్లింది. నన్ను మాత్రం బయట ఆకులు ఊడ్చే పనికి మార్చారు. ఎండలో నడుము పడిపోయేది. క్షమాపణ చెబితే తిరిగి లోపలికి తీసుకుంటారని చెప్పినవాళ్లున్నారు. దేనికి చెప్పాలి?

ఇప్పటికీ మధ్యాహ్నం అన్నం తిన్నాక లోపలికి పోయి పచ్చపొడి ఏమైనా పుట్టిందా అని చూసి వస్తాను. మొన్న ఒకామె అద్దానికి ముఖం ఆనించి, ఇంత మంచి బొమ్మను ఎవరూ తోమలేదేమని గొణుక్కుంది.

"నేనే తోమనియ్యలేదక్కా," అన్నాను. "జర వంగి ఆ పిలగాని పెదవి చూడుండ్రి."